క్వాంటం ప్రోగ్రామ్‌కు ఎంత చోటు కావాలి? - ఒక చారిత్రక పరిశీలన

ఎనియాక్ యంత్రంతో లెక్క మార్చాలంటే తీగలు ఊడదీసి మళ్లీ బిగించవలసి వచ్చేదనీ, అందుకు రోజులు పట్టేదనీ మీకు తెలుసు. 1945లో వాన్ నాయ్‌మన్ పేరుతో వచ్చిన ఎడ్‌వాక్ నివేదిక దీనికి మార్గం చూపింది. ఆదేశాలను కూడా అంకెల మాదిరిగానే మెమరీలో దాచాలి. అప్పుడు యంత్రం మారదు, ప్రోగ్రామ్ ఒక్కటే మారుతుంది. (ఆ నివేదికపై ఎకెర్ట్, మాక్లీల పేర్లు లేకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.)

1985లో డేవిడ్ డాయ్‌చ్ సార్వత్రిక క్వాంటం కంప్యూటర్ భావనను ప్రతిపాదించారు. మరి ప్రోగ్రామ్‌ను కూడా క్యూబిట్లలోనే దాచి, మార్పులేని ఒకే ప్రాసెసర్‌తో ఏ పరిక్రియనైనా చేయించవచ్చా? 1997లో మైకేల్ నీల్సన్, ఐజక్ చువాంగ్ దీనికి జవాబు చెప్పారు: ప్రతిసారీ, కచ్చితంగా, అన్నిటినీ చేయించడం అసాధ్యం.

కారణాన్ని జాగ్రత్తగా గమనించండి. ఒక క్యూబిట్‌కు అనంతమైన స్థితులున్నాయి కాబట్టి అనంతమైన ప్రోగ్రామ్‌లు అందులో ఇముడుతాయని మొదట అనిపిస్తుంది. కాని రెండు వేర్వేరు పరిక్రియలు తప్పులేకుండా జరగాలంటే వాటి ప్రోగ్రామ్ స్థితులు పరస్పరం లంబంగా ఉండాలి, అంటే కొలతతో పూర్తిగా వేరుచేసి గుర్తించగలిగేలా ఉండాలి. అలాంటివి 3 క్యూబిట్లలో 8, 10 క్యూబిట్లలో 1,024 మాత్రమే. ఒక్క క్యూబిట్‌ను తిప్పగల కోణాలే అనంతం కదా!

అయితే ఏదో ఒకటి వదులుకోవాలి. ప్రతిసారీ విజయం కావాలన్న పట్టు వదిలితే దారి ఉంది. 2002లో గిఫ్రే విదాల్, మసానెస్, సిరాక్ ఒకే అక్షం చుట్టూ జరిగే భ్రమణాన్ని తీసుకున్నారు. ఒక ప్రోగ్రామ్ క్యూబిట్‌తో విజయ సంభావ్యత సగం. విఫలమైతే దత్తాంశం అదే కోణంతో వెనక్కు తిరుగుతుంది. కనుక రెండో క్యూబిట్‌లో రెట్టింపు కోణం, మూడోదానిలో నాలుగు రెట్లు దాచి ఉంచుతారు. క్యూబిట్ పెరిగిన ప్రతిసారీ వైఫల్యం సగమవుతుంది. 10 క్యూబిట్లకు 1,024లో ఒక వంతు. సున్నా మాత్రం కాదు. పైగా వాడిన ప్రోగ్రామ్ క్యూబిట్ అక్కడితో ఖర్చయిపోతుంది. వాన్ నాయ్‌మన్ మెమరీలోని ఆదేశాన్ని వెయ్యిసార్లు చదువుకోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

నేటి ప్రయోగశాలల్లో 'ప్రోగ్రామబుల్' అనిపించుకునే యంత్రాలకు ఈ సిద్ధాంతం అడ్డు రాదు. వాటి ప్రోగ్రామ్ మామూలు కంప్యూటర్‌లోనే ఉండి, మైక్రోవేవ్ లేదా లేజర్ స్పందనల రూపంలో క్యూబిట్లను చేరుతుంది. ఈ రెండింటినీ కలిపేసిన జవాబు పత్రాలు నేను చాలా దిద్దాను.