గుంజాయిష్

మంగళగిరి అనగానే జనానికి పానకం గుర్తొస్తుంది, నేత చీరల మీద నిజాం అంచు గుర్తొస్తుంది. నాకు ఖరాద్ గుర్తొస్తుంది. ఖరాద్ అంటే లేత్ మిషను. దాని మీద పనిచేసేవాడు ఖరాదీ. బెజవాడలో 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్‌కి మా మంగళగిరి ఆటోనగర్ తమ్ముడి లాంటిది. ఈ షెడ్లలో ఉస్తాదుల నోట నేను ఎక్కువగా విన్న మాట "గుంజాయిష్". చోటు, సందు, వీలు అన్నీ ఆ ఒక్క లఫ్జులోనే ఉన్నాయి.

పుస్తకాల్లో దీన్ని రెండుగా విడగొడతారు. రెండు పుర్జాల మధ్య కావాలని వదిలే సందు క్లియరెన్సు. ఒక పుర్జా కొలతలో ఎంత ఫర్ఖ్ వచ్చినా ఫరవాలేదో ఆ హద్దు టాలరెన్సు. 25 మిల్లీమీటర్ల ఇరుసు, దానికో రంధ్రం అనుకోండి. హెచ్7 అనే తరగతి రంధ్రం 21 మైక్రాన్ల వరకు పెద్దదవొచ్చు. జి6 తరగతి ఇరుసు 7 నుంచి 20 మైక్రాన్లు చిన్నదిగా ఉండాలి. అప్పుడు సందు తక్కువలో తక్కువ 7, ఎక్కువలో ఎక్కువ 41 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లుంటుంది. దాంతో పోల్చి చూసుకోండి, ఎంత బారీక్ పనో!

ఈ ఇల్మ్ అంతా విలాయత్ నుంచి వచ్చిందని మనవాళ్లు అనుకుంటారు. ఎడ్లబండి చక్రం చూసినవాళ్లు అలా అనరు. చక్రానికి వేసే ఇనుప పట్టాను కమ్మరి కావాలనే కాస్త చిన్నదిగా చేస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. నాలుగడుగుల పట్టా 500 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే రెండు సూతుల పైమాటే. చెక్క చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుపోయి ఆకులన్నిటినీ పట్టేస్తుంది. మేకు అక్కర్లేదు. ఇంజనీర్లు ఇంటర్‌ఫియరెన్సు ఫిట్ అనేది ఇదే. అదే బండికి ఇరుసు దగ్గర మాత్రం సందు వదిలి కందెన పెడతారు. ఒకే బండిలో సఖ్త్ ఫిట్టూ ఉంది, ఢీలా ఫిట్టూ ఉంది.

విలాయత్‌లో అసలు తంటా సిలిండర్‌తో వచ్చింది. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పోసిన తొలి సిలిండర్లలో ఒకటి ఎంత వంకరగా ఉందంటే, ఒక చోట వ్యాసంలో తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. మన భాషలో మూడు సూతులు! పిస్టన్ పక్కనుంచి ఆవిరంతా పోయేది. 1774లో జాన్ విల్కిన్‌సన్ ఫిరంగుల గొట్టాలు తొలిచే కొత్త మిషను కట్టాడు. ఆ హునర్‌తోనే తర్వాత సిలిండర్లు తొలిచాడు. 50 అంగుళాల సిలిండర్‌లో తేడా పాత షిల్లింగు నాణెం మందానికి మించలేదని వాట్ భాగస్వామి బౌల్టన్ మురిసిపోయాడు. ఈనాటి బోరింగ్ షాపు కుర్రాడికి ఆ నాణెం మందం చూపిస్తే నవ్వుతాడు.

ఇంకా వెనక్కి వెళ్తే 1206లో దియార్‌బకిర్‌లో అల్ జజరీ రాసిన యంత్రాల కితాబు ఉంది. నీళ్లు కారకుండా వాల్వునూ దాని గూటినీ ఎమరీ పొడితో కలిపి నూరి ఒకదానికొకటి జత చేసే పద్ధతి అందులో చెప్పాడు. ఆటోనగర్‌లో హెడ్డు పని చేసేవాళ్లు గ్రైండింగ్ పేస్టు పూసి, వాల్వును అరచేతుల మధ్య కర్రతో తిప్పి రుద్దుతారు. పని అదే. ఎమరీలో ఉండే కొరండం పేరు కూడా మన దక్షిణాది కురుందం నుంచి వెళ్లిందే.

ఇక అరుగుదల. కొత్త ఇంజనులో మొదట కాసేపు అరుగుదల జోరుగా ఉంటుంది, గరుకులు సర్దుకుంటాయి. తర్వాత చాలాకాలం నిదానం. చివర్లో మళ్లీ జోరు. సిలిండర్ అంతా సమానంగా అరగదు. పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట వేడి, పీడనం ఎక్కువ, ఆయిల్ పొర తెగిపోతుంది. గోరు పెట్టి చూస్తే అక్కడే గట్టు తగులుతుంది. మా మామూ ఒకాయన గోరుతో చూసే బోరు వెయ్యాలో వద్దో అందాజాగా చెప్పేవాడు, తర్వాత కొలిస్తే పెద్ద తేడా ఉండేది కాదు. అప్పుడు సిలిండర్‌ని అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై పెద్దది చేసి, ఆ సైజు పిస్టన్ వేస్తారు. ఒక్క బ్లాకుకి మూడు నాలుగు జిందగీలు! కొత్త ఇంజను కొనలేని లారీ ఓనరు ఇల్లు దీని మీదే నిలిచింది. డ్రైవరు ప్రాణం కింగ్ పిన్ను బుష్షు మీద నిలిచింది. అది అరిగి ఢీలా అయితే చక్రం ఊగుతుంది, స్టీరింగు చెప్పిన మాట వినదు.

మన తవారీఖుల్లో నవాబులున్నారు, కిల్లాలున్నాయి, ఫౌజులున్నాయి. ఖరాదీలు లేరు. ఇప్పుడు చాలా సామాను విప్పకుండా మొత్తంగా మార్చేస్తున్నారు. పాత బోరింగ్ షాపుల్లో బిల్లు పుస్తకాలు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఏ లారీకి ఏ సంవత్సరం ఎంత బోరు వేశారో, ఉస్తాద్ ఎవరో, కూలి ఎంతో వాటిలో పెన్సిల్‌తో రాసుంది. నూనె మరకలతో కాగితాలు అతుక్కుపోయాయి. కబాడీవాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు. నేను ఇప్పటికి నాలుగు పుస్తకాలు తెచ్చి ఇంట్లో పెట్టాను. మీ అబ్బాజాన్‌దో, నానాదో షాపు ఉంటే అటక మీద ఒకసారి వెతకండి.