చిత్రలేఖనమున దూరము, దాపు



వట్లూరు స్టేషనులో ప్లాట్‌ఫారము చివర నిలిచి, తిన్నగా సాగిపోవు పట్టాలను చూడుడు. అవి పోనుపోను దగ్గరగుచు తుదకొక్క బిందువున కలిసికొన్నట్లు కానవచ్చును. అవి యెచ్చటను కలియవని పసివానికిని తెలియును. కలిసినచో రైలు నడవదు. తెలిసినదానిని ప్రక్కకు పెట్టి, కంటికి తోచినదానిని గీయుట నేర్పు శాస్త్రమును పాశ్చాత్యులు పర్‌స్పెక్టివ్ అందురు. దీనిని మన బాలురకెట్లు నేర్పవలెనన్నదే నేటి విషయము.

ఈ శాస్త్రమునకు జన్మభూమి ఇటలీదేశపు ఫ్లారెన్సు నగరము. 1435లో ఆల్బెర్టీ యను విద్వాంసుడు దీని సూత్రములను గ్రంథస్థము గావించెను. పటము తెరచిన కిటికీ వంటిదనియు, చూచువాడు దాని యెదుట ఒక్కచోట నిలుచుననియు అతని మతము. గళ్ల నేలను గీయు విధమును అతడు వివరించెను. మన ఏలూరు తివాచీతో దానిని సులభముగా బోధింపవచ్చును. గళ్ల తివాచీని నేత మగ్గముపై చూచినచో గళ్లన్నియు సమానములు. నేలపై పరచి ఒక కొనను కూర్చుండి చూచినచో ఆవలి యంచు కుఱుచగును, గళ్లు క్రమముగా సన్నగిల్లును. ఎంత సన్నగిల్లునో కొలిచి చెప్పుటయే ఆ శాస్త్రము. కొల్లేటి గట్టున నింగియు నీరును కలియు రేఖను చూడుడు. మనము కూర్చున్న నది మనతో దిగును, లేచిన లేచును. ఆ రేఖ కొల్లేటిది కాదు, చూచువాని కంటిది.

1850లో డాక్టరు హంటరు మదరాసున చిత్రకళాపాఠశాలను స్థాపించెను. 1857లో బొంబాయిలో జె.జె. పాఠశాల వెలసెను. ఇట్టి పాఠశాలల ద్వారా ఈ విద్య మన దేశమున వ్యాపించినది. దానితోడనే మన పూర్వులకు దూరము చిత్రించుట తెలియదను నిందయు వ్యాపించినది. ఇది సరికాదు. విష్ణుధర్మోత్తరపురాణమందలి చిత్రసూత్రము దేహమునకు తొమ్మిది స్థానములను, క్షయవృద్ధులను చెప్పినది. మేను ఓరగా తిరిగినపుడు ఏ యంగము తఱుగునో, ఏది పెరుగునో ఆ చిత్రకారులెఱుగుదురు. ఐనను వారు పటమునంతను ఒక్క కంటికి అప్పగింపలేదు.

అందులకు హేతువు కలదు. లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్దపు చిత్రములు మండపపు కప్పుపై నున్నవి. భక్తుడు నడచుచు, తలయెత్తి, ఒక్కొక్క కథను చూచుచు పోవును. నడచువానికి ఒక్క బిందువు నెట్లు నిర్ణయింతుము? కావున చిత్రములు బారులుగా సాగినవి. అజంతాగుహలలో ఒకే గోడపై ఒకే పురుషుడు పలుమారులు కనిపించుటయు ఇట్టిదే. అది కథ చదువు కన్ను. కిటికీలోనుండి చూచు కన్ను కాదు.

ఈ రెండు చూపులను పోట్లాట లేక పొందుపరచిన ఉదాహరణము మనకు గోదావరీతీరమున కలదు. ఆస్వాల్డ్ కూల్డ్రే దొర 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవర ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడు. స్వయముగా చిత్రకారుడు. అడివి బాపిరాజు, దామెర్ల రామారావు అతని ప్రియశిష్యులు. ఆంగ్లేయుడై యుండియు, మన ప్రాచీనశిల్పమును ప్రేమింపుడని వారికి చెప్పెను. 1897లో జన్మించిన రామారావు బొంబాయిలో పాశ్చాత్యపద్ధతిని శ్రద్ధగా నేర్చెను. అజంతా రేఖను విడువలేదు. గోదావరీ దృశ్యములను గీసెను. పుష్పాలంకరణము వంటి చిత్రములను గీసెను. స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పి యువకులకు నేర్పెను. 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకముందే మశూచికమున అస్తమించెను. తెలుగు చిత్రకళకది తీరని లోటు.

ఉపాధ్యాయులకొక విన్నపము. బాలుడు నులకమంచమును పైనుండి చూచినట్లు గీసి, నాలుగు కోళ్లను నాలుగు దిక్కులకు చాచును. వెంటనే ఎఱ్ఱసిరాతో కొట్టివేయకుడు. "ఎచ్చట నిలిచి చూచితివి?" అని యడుగుడు. మంచమునకు నాలుగు కోళ్లున్నవన్న సత్యమును వాడు చెప్పినాడు. తరువాత వానిని మంచము ప్రక్క కూర్చుండబెట్టి, కనబడు కోళ్లను లెక్కింపుమనుడు. స్కేలు పట్టింపకముందు చూపు పట్టింపుడు. నన్నయభట్టు వృత్తములును వ్రాసెను, తేటగీతులును వ్రాసెను. ఒకటి తప్పని రెండవది వ్రాయలేదు. రెండును తెలిసిన బాలుడు తనకు కావలసినదానిని తానే యెంచుకొనును. ఒక్కటే తెలిసినవానికి ఎంచుకొనుట యెక్కడిది?