గడ్డకట్టని నీరు

రామగుండము ఎండలు జగమెరిగినవి. సింగరేణి గనుల నడుమనున్న గోదావరిఖనిలో కారు నడుపువానికి ముందు అద్దముపై పడు శత్రువు బొగ్గుధూళి. మీట నొక్కినంతనే తొట్టిలోని నీరు చిమ్మును, వైపరు తుడిచివేయును. ఉద్యోగమునకై ఉత్తర అమెరికా చలిప్రాంతములకు పోయిన మన యువకుడు అచటి శీతకాలమున అదే మీట నొక్కినచో ఒక్కొక్కప్పుడు చుక్క నీరు రాదు. రోడ్డుపై చల్లిన ఉప్పు, కరగిన మంచు కలిసి ముందు బండి చక్రములనుండి ఎగిరి అద్దమును కప్పును. దారి కనబడదు, బండి వేగముగా పోవుచునే యుండును. అతడు తొట్టిలో పోసినది మంచినీరు. అది 0 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే గడ్డకట్టినది. వేడినీరు పోసి కరగింతమన్నచో చల్లబడియున్న అద్దము పగులవచ్చును. అందువలన అచటివారు మైనస్ 20, 30 డిగ్రీల చలికి సైతము గడ్డకట్టని ద్రవమును కొని పోయుదురు. దాని చరిత్ర వెదకినచో మనము మరల బొగ్గువద్దకే వత్తుము.

అమెరికాలోని అలబామా రాష్ట్రమునకు చెందిన మేరీ ఆండర్సన్ న్యూయార్కులో ట్రాముబండి ఎక్కినపుడు, అద్దముపై పడు మంచువలన చోదకుడు పడు అవస్థను చూచెను. లోపలి మీటతో కదలు తుడుపుకఱ్ఱను రూపొందించి 1903లో పేటెంటు పొందెను. కాని తుడుపుకఱ్ఱ ఒక్కటి చాలదు. పొడి అద్దముపై అది మురికిని పులుమునే కాని కడుగదు. కడుగుటకు ద్రవము కావలెను, అది గడ్డకట్టరాదు.

మంచుగడ్డలో ఉప్పు కలిపినచో చలి హెచ్చునని మన కుల్ఫీ అమ్మువారికిని తెలియును. దీనిని కొలిచి చూపినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చార్లెస్ బ్లాగ్డెన్. నీటిలో కరగిన పదార్థము ఎంత హెచ్చినచో ఘనీభవన స్థానము అంత తగ్గునని అతడు 1788లో ప్రకటించెను. సుమారు నూరేండ్ల పిదప, 1882లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రౌల్ట్ మరియొక మెట్టెక్కెను. లెక్కకు వచ్చునది పదార్థము బరువు కాదు, దాని అణువుల సంఖ్య. ఒక కిలోగ్రాము నీటిలో ఒక గ్రామ్ అణువు పదార్థము కరగినచో ఘనీభవన స్థానము 1.86 డిగ్రీలు తగ్గును. మంచు స్ఫటికములో నీటి అణువులు చేరునే కాని పరాయి అణువులు చేరవు. ఆ పరాయి అణువులు ద్రవములో మిగిలి, నీటి అణువుల కూడికను ఆలస్యము చేయును.

ఇక లెక్క వేయుదము. 18.6 డిగ్రీలు తగ్గింపవలెనన్నచో 10 గ్రామ్ అణువులు కావలెను. పంచదార అణుభారము 342. కనుక 3 కిలోల 420 గ్రాములు కావలెను. గ్లైకాలు 620 గ్రాములు, ఇథైల్ ఆల్కహాలు 460 గ్రాములు, మిథైల్ ఆల్కహాలు 320 గ్రాములు చాలును. గాఢద్రావణములలో ఈ నియమము కొంత సడలును. అయినను వరుస మారదు. ఉప్పు రెండు అయానులుగా విడిపోవును కనుక ఇంకను తక్కువ చాలును గాని, అది ఇనుమును తుప్పు పట్టించి అద్దముపై తెల్లని చారలు మిగుల్చును. గ్లైకాలు త్వరగా ఆవిరికాక జిడ్డువలె నిలుచును. దాని స్థానము రేడియేటరు. ఇట్లు మిథైల్ ఆల్కహాలు గెలిచినది.

మొదట దీనిని కట్టెలను గాలి తగులకుండ కాల్చి, వచ్చిన ఆవిరినుండి తీసెడివారు. రాబర్ట్ బాయిల్ 1661లో దీనిని గుర్తించెను. డ్యూమా, పెలిగో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1834లో దీని సంఘటనమును నిర్ణయించిరి. 1923లో జర్మనీలోని లాయినా కర్మాగారమున కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజనులను అధిక పీడనమున కలిపి దీనిని పెద్దయెత్తున తయారుచేసిరి. ఆ వాయువులు బొగ్గునుండి వచ్చినవే.

ఇట్టి వాయువులే రామగుండములోను పుట్టినవి. అచటి ఎరువుల కర్మాగారము 1980లో ప్రారంభమైనది. బొగ్గుపొడిని ఆక్సిజను, నీటియావిరులతో వాయువుగా మార్చి, అందలి హైడ్రోజనునుండి అమ్మోనియాను, దానినుండి యూరియాను చేసెడివారు. 1999లో అది మూతపడినది. 2021లో అచట మొదలైన క్రొత్త కర్మాగారము సహజవాయువుపై నడచుచున్నది. అదే సంవత్సరమున హైదరాబాదులోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ పరిశోధనశాలలో, బూడిద హెచ్చుగానుండు మన బొగ్గునుండి రోజునకు పావు టన్ను మిథైల్ ఆల్కహాలు చేయు చిన్న యంత్రాగారము పనిచేసి చూపినది.

అయితే ఈ ద్రవము ఘోరమైన విషము. కడుపులో పడినచో కాలేయమున ఫార్మాల్డిహైడుగా, పిదప ఫార్మికామ్లముగా మారి, దృష్టినాడిని దెబ్బతీయును; ప్రాణము సైతము తీయును. చౌకసారాయికి మారుగా దీనిని త్రాగినవారు యూరపులో చనిపోవుటచే, ఐరోపా సమాఖ్య 2018లో నిబంధన చేసి, ప్రజలకు అమ్ము అద్దపు ద్రవములో దీనిని 0.6 శాతమునకు మించనీయరాదని శాసించెను. అచట ఇప్పుడు ఇథైల్ ఆల్కహాలు వంటివి వాడుదురు. అమెరికాలో మిథైల్ ఆల్కహాలు వాడుక నిలిచియున్నది. కనుక దానిని త్రాగునీటి సీసాలో పోసియుంచుట తగదు.

ఉపాధ్యాయులు ఈ పాఠమును ఉప్పుతోనే చెప్పవచ్చును. రెండు పరీక్షనాళికలలో మంచినీటిని, ఉప్పునీటిని పోసి, ఉప్పు కలిపిన మంచుగడ్డల పొడిలో నిలుపుడు. ఏది ముందు గడ్డకట్టునో విద్యార్థులే చూతురు.