ప్రధాని కుర్చీకి అనుభవం అక్కర్లేదా? రాజ్యాంగం ఏం అడుగుతోంది.. చరిత్ర ఏం చెబుతోంది?

లారీ, బస్సు లాంటి వాహనం నడిపే లైసెన్స్ కావాలంటే, అంతకుముందు కనీసం ఏడాదిపాటు లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్ చేతిలో ఉండాలి. మోటారు వాహనాల చట్టం చెప్పే మాట ఇది. మరి దేశాన్ని నడిపే ప్రధానమంత్రికి? ఒక్కరోజు అనుభవం కూడా ఉండాలని ఎక్కడా రాసి లేదు.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఇదే చర్చ. "ఆయనకు ఏం తెలుసు, నిన్నగాక మొన్న వచ్చాడు" అని ఒకరు. "ఇన్నేళ్లు ఉన్నవాళ్లు ఏం ఉద్ధరించారు?" అని ఇంకొకరు. అసలు అనుభవం ఎంతవరకు పనికొస్తుంది? గతంలో ప్రధానులైన వారిని చూస్తే ఏం తెలుస్తోంది? ఇప్పుడు చూద్దాం.

రాజ్యాంగం ఏం అంటోంది?

సుప్రీంకోర్టు జడ్జి విషయంలో రాజ్యాంగం అనుభవాన్ని లెక్కగట్టి మరీ అడిగింది. హైకోర్టు జడ్జిగా ఐదేళ్లు, లేదంటే హైకోర్టు అడ్వొకేట్‌గా పదేళ్లు పనిచేసి ఉండాలి. ప్రముఖ న్యాయకోవిదులకు మాత్రం దీని నుంచి మినహాయింపు ఉంది. ప్రధాని దగ్గరకు వచ్చేసరికి ఇలాంటి లెక్కేమీ లేదు. పార్లమెంటు సభ్యుడైతే చాలు. ప్రమాణం చేసేనాటికి ఎంపీ కాకపోయినా ఫర్వాలేదు, ఆరు నెలల్లోపు ఏదో ఒక సభకు ఎన్నికవ్వాలి. 1991లో పీవీ నరసింహారావు, 1996లో దేవెగౌడ అలా వచ్చినవాళ్లే.

ఎందుకింత తేడా? జడ్జిని ఒకసారి నియమిస్తే తీసేయడం చాలా కష్టం. ప్రధాని అలా కాదు. మంత్రిమండలి లోక్‌సభకు జవాబుదారీ. మెజారిటీ పోయిన రోజే కుర్చీ పోతుంది. అంటే ముందుగా పరీక్ష పెట్టడం బదులు, పదవిలో ఉన్నన్నాళ్లూ పరీక్ష పెట్టే పద్ధతి మనది.

అనుభవం ఉన్నా కూలిన ప్రభుత్వాలు

అనుభవం ఉంటే చాలు అనుకుంటే మొరార్జీ దేశాయ్‌ని చూడాలి. బొంబాయి రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేశారు. ఆర్థికమంత్రిగా 10 బడ్జెట్లు పెట్టారు. 1977లో ప్రధాని అయ్యేనాటికి ఆయన వయసు 81. రెండున్నరేళ్లు కూడా నిండకుండానే, సొంత పార్టీలో చీలికతో 1979 జులైలో రాజీనామా చేయాల్సి వచ్చింది.

ఆయన తర్వాత వచ్చిన చరణ్ సింగ్‌ది మరీ విచిత్రం. ఉత్తరప్రదేశ్‌కు రెండుసార్లు సీఎం, కేంద్రంలో హోంమంత్రి. అయినా ప్రధానిగా పార్లమెంటు ముందుకు ఒక్కరోజు కూడా వెళ్లకుండానే, 23 రోజులకు రాజీనామా ఇచ్చారు. ఎన్నికలయ్యేదాకా ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగారు, అంతే.

లోక్‌సభలో విశ్వాస పరీక్షలో ఓడి దిగిపోయిన ముగ్గురినీ తీసుకోండి. 1990లో వీపీ సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజ్‌పేయి. ముగ్గురూ అంతకుముందు సీఎంగానో, కేంద్ర మంత్రిగానో చేసినవారే. వాజ్‌పేయి అయితే 1957 నుంచి పార్లమెంటు చూసిన మనిషి. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. అంకెలు లేనప్పుడు అనుభవం ఒక్కటే కాపాడలేదు.

అనుభవం లేకుండా వచ్చి..

రాజీవ్ గాంధీది దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్. 1981లో ఎంపీ అయ్యారు. ఒక్కసారి కూడా మంత్రిగా చేయకుండానే, 1984 అక్టోబర్ 31న తల్లి హత్య జరిగిన రోజే, 40 ఏళ్లకే ప్రధాని అయ్యారు. ఆ వెంటనే జరిగిన ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లు వచ్చాయి.

ఫిరాయింపుల నిరోధక చట్టం, ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించడం ఆయన హయాంలోనివే. శ్రీలంకకు సైన్యాన్ని పంపిన నిర్ణయం కూడా ఆయనదే. అక్కడ వెయ్యి మందికి పైగా మన జవాన్లు చనిపోయారు. 1989 ఎన్నికల్లో కాంగ్రెస్ 197 సీట్లకు పడిపోయింది.

అయితే అన్నిటినీ అనుభవలేమి ఖాతాలో వేయలేం. రాజీవ్ పదవిలోకి వచ్చిన తొలి రోజుల్లోనే ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగింది. అధికారిక లెక్క ప్రకారమే ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు. ప్రధాని కొత్తవారు, నిజమే. మరి ఆనాటి హోంమంత్రి ఎవరు? అప్పటికే ముఖ్యమంత్రిగా, విదేశాంగ మంత్రిగా చేసిన పీవీ నరసింహారావు. అంత అనుభవం పక్కనే ఉన్నా ఆ హింస సమయానికి ఆగలేదు.

పీవీకి అనుభవం ఎక్కడ పనికొచ్చింది?

అదే పీవీ 1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. అప్పటికి దేశం దగ్గర ఉన్న విదేశీ మారకం సుమారు రెండు వారాల దిగుమతులకే సరిపోతుంది. జులైలో 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. పైగా లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు.

పీవీ ఏం చేశారు? ఆర్థికశాఖను రాజకీయ నాయకుడికి ఇవ్వలేదు. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా చేసిన మన్మోహన్ సింగ్‌ను పిలిచారు. పరిశ్రమల శాఖను తన దగ్గరే పెట్టుకున్నారు. జులై 24న లైసెన్స్ రాజ్‌ను కూల్చిన కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకొచ్చింది. కొన్ని గంటల్లోనే బడ్జెట్ కూడా వచ్చింది. అందరి కళ్లూ బడ్జెట్ మీదకే పోయాయి.

ఈ ఒడుపు ఎక్కడిది? 1971లో ఆంధ్రప్రదేశ్ సీఎంగా ఆయన భూసంస్కరణల కోసం గట్టిగా నిలబడ్డారు. ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం మధ్య 15 నెలలకే పదవి పోయింది. ఎదురెళ్లి చేస్తే ఏమవుతుందో ఆ దెబ్బతోనే నేర్చుకున్నారని విశ్లేషకులు చెబుతుంటారు. ఎంపీ కావడానికి నంద్యాల ఉపఎన్నికలో నిలబడితే, తెలుగువారు ప్రధాని అయ్యారని టీడీపీ అభ్యర్థినే పెట్టలేదు. 5 లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. మైనారిటీ ప్రభుత్వం ఐదేళ్లూ నడిచింది.

కానీ ఇదే అనుభవజ్ఞుడి హయాంలో, 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. కేంద్రం ఆపలేకపోయింది. అంటే కుర్చీని కాపాడుకునే అనుభవం వేరు, ఆపద వచ్చిన రోజు నిర్ణయం తీసుకోవడం వేరు. మొదటిది ఉంటే రెండోది దానంతటదే రాదు.

మన ఎన్టీఆర్ సంగతేంటి?

ఇది ప్రధాని కథ కాదు. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ వస్తే ముందుగా గుర్తొచ్చే పేరు ఎన్టీఆర్‌దే. 1982 మార్చి 29న పార్టీ, 1983 జనవరిలో ముఖ్యమంత్రి. రెండు రూపాయలకే కిలో బియ్యం, మండల వ్యవస్థ తెచ్చారు. 1984 ఆగస్టులో గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చాక పదవి పోయింది, జనం రోడ్డెక్కడంతో నెలకే తిరిగొచ్చింది. కొత్త కాబట్టి మోసపోయారని అన్నారు. మరి 1995లో? అప్పటికి 13 ఏళ్ల రాజకీయం చూశారు. అయినా మళ్లీ సొంత ఎమ్మెల్యేల మద్దతే పోయి దిగాల్సి వచ్చింది.

ఒక్కొక్కరిది ఒక్కో రకం అనుభవం

- మన్మోహన్ సింగ్: అధికార వ్యవస్థ, ఆర్థికశాఖ బాగా తెలుసు. లోక్‌సభకు ఒక్కసారి కూడా గెలవలేదు. రాజ్యసభ సభ్యుడిగానే పదేళ్లు ప్రధాని.
- నరేంద్ర మోదీ: గుజరాత్‌ను 12 ఏళ్లకు పైగా నడిపారు. 2014లో తొలిసారి ఎంపీ, వెంటనే ప్రధాని. 2024లో బీజేపీకి 240 సీట్లే రావడంతో, సొంత మెజారిటీ లేని ప్రభుత్వాన్ని తొలిసారి నడుపుతున్నారు. టీడీపీ 16 సీట్లు అందులో కీలకం.
- చంద్రశేఖర్: 1962 నుంచి పార్లమెంటులో ఉన్నారు. ఎక్కడా మంత్రిగా చేయకుండానే 1990లో ప్రధాని అయ్యారు. నాలుగు నెలలకే రాజీనామా చేశారు.

అమెరికాలోనూ ఇంతే. 1857లో అధ్యక్షుడైన జేమ్స్ బుకానన్ అప్పటికే సెనేటర్‌గా, విదేశాంగ మంత్రిగా, రాయబారిగా చేశారు. ఆయన దిగేలోపే ఏడు రాష్ట్రాలు విడిపోతున్నట్టు ప్రకటించాయి. తర్వాత వచ్చిన లింకన్‌కు జాతీయ స్థాయిలో ఉన్న అనుభవం, ప్రతినిధుల సభలో రెండేళ్లే. దేశాన్ని కలిపి నిలబెట్టింది ఆయనే.

మరి ఓటరు ఏం చూడాలి?

అనుభవం అక్కర్లేదని దీని అర్థం కాదు. సొంత మెజారిటీ లేని రోజుల్లో, ఖజానా ఖాళీ అయిన రోజుల్లో అది ఎంత అవసరమో 1991 చూపించింది. కాకపోతే "ఎన్నేళ్లు ఉన్నారు?" అన్న ఒక్క ప్రశ్నతో తేలే విషయం కాదిది. మూడు ప్రశ్నలు వేసుకుంటే కొంత స్పష్టత వస్తుంది.

1. చేతిలో అధికారం ఉన్నప్పుడు వచ్చిన పెద్ద కష్టంలో ఏం చేశారు? మొదటిసారి పోటీ చేస్తుంటే, తన రంగంలో కష్టం వచ్చినప్పుడు ఏం చేశారు?
2. పక్కన ఎవరిని పెట్టుకుంటారు? పని తెలిసినవాళ్లనా, తలూపేవాళ్లనా?
3. అంకెలు తగ్గినప్పుడు, కోర్టు కాదన్నప్పుడు ఎలా ప్రవర్తించారు?

అభ్యర్థి అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో ఉంటాయి. పదవిలో ఉండగా ఏం చేశారన్నది మాత్రం ఉండదు. అది ఓటు వేసేవాళ్లే గుర్తుపెట్టుకోవాలి.