ఆంగ్లంలో వర్తమాన, భూతకాలాల ఎంపిక: పెనుగొండ ఉదాహరణలతో

ఒక సంగతిని ఆంగ్లంలో చెప్పేటప్పుడు క్రియను వర్తమానంలో ఉంచాలా, భూతకాలంలో ఉంచాలా అన్న నిర్ణయాన్ని కాలాల ఎంపిక అంటారు. పని ఎప్పుడు జరిగింది, దాని ఫలితం ఇంకా నిలిచి ఉందా, చెప్పేవారు దాన్ని ముగిసిన ముచ్చటగా చూస్తున్నారా అన్న మూడూ ఇందులో కలిసి ఉంటాయి. తెలుగు క్రియ సాధారణంగా జరిగిన పనిని చెబుతుంది. ఆంగ్ల క్రియ చాలాసార్లు ఆ పని మిగిల్చిన స్థితిని చెబుతుంది. తెలుగువారికి ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. పశ్చిమ గోదావరి జిల్లాలోని పెనుగొండ, దాని ఇరుగుపొరుగు ఊళ్ళ మాటలతో ఈ తేడాను చూడవచ్చు.

రెండు భాషల్లో కాలరూపాలు

ఆంగ్లంలో క్రియారూపమే మారి ఏర్పడే కాలాలు రెండే: వర్తమానం, భూతం. భవిష్యత్తుకు 'విల్' వంటి సహాయక క్రియ కావాలి. తెలుగులో చిన్నయ సూరి బాలవ్యాకరణం (1858) వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మాన్నీ చెప్పింది. అలవాటును, స్వభావాన్ని తెలిపేది తద్ధర్మం. నేటి వాడుకలో భవిష్యత్తుకూ తద్ధర్మానికీ రూపం ఒక్కటే. 'రేపు తణుకు వెళ్తాడు', 'రోజూ తణుకు వెళ్తాడు' అనే వాక్యాల్లో క్రియ మారదు. ఆంగ్లంలో మొదటిది 'విల్ గో', రెండోది 'గోస్'. 'రేపు', 'రోజూ' అన్న మాటలే దారి చూపుతాయి కాబట్టి పిల్లలు ఈ తేడాను తొందరగానే పట్టుకుంటారు.

జరిగిన పని, ఉన్న స్థితి

అసలు కష్టం తెలుగు భూతకాలానికి ఆంగ్లంలో వర్తమానం రావలసిన చోట. పాలకొల్లు బస్సు మలుపు తిరిగి కనబడగానే 'అదిగో, బస్సొచ్చేసింది' అంటాం. బస్సు ఇంకా ఆగనే లేదు. ఆంగ్లంలో అక్కడ 'హియర్ కమ్స్ ద బస్' అని వర్తమానమే వాడతారు. ఇంట్లోంచి అమ్మ పిలిస్తే 'ఆఁ, వచ్చా' అని బదులిస్తాం. ఆంగ్లంలో అది 'కమింగ్'. పాఠం చెప్పాక మాస్టారు అడిగే 'అర్థమైందా?' అన్న ప్రశ్నకు సాధారణ రూపం 'డు యు అండర్‌స్టాండ్?'. జ్వరమొచ్చింది, అలిసిపోయాను, పెళ్ళయింది అన్న మాటలన్నీ మనకు జరిగిన ఘటనలు. వాటికి ఆంగ్లంలో 'ఐ హావ్ ఎ ఫీవర్', 'ఐ యామ్ టైర్డ్', 'షీ ఈజ్ మ్యారీడ్' అంటూ ఇప్పుడున్న స్థితినే చెబుతారు.

'నాన్నగారు భీమవరం నుంచి వచ్చారు' అన్న వాక్యానికి ఆంగ్లంలో రెండు దారులున్నాయి. వచ్చి ఇప్పుడు ఇంట్లో ఉన్నారన్నది ముఖ్యమైతే 'హాజ్ కమ్'. 'నిన్న' అన్న మాట చేరిందా, 'కేమ్' తప్ప మరొకటి కుదరదు. ముగిసిన సమయాన్ని పేర్కొన్నాక 'హాజ్ కమ్' వంటి ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ రూపం నిలవదు. 'పదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాం' అన్న వాక్యంలో మన క్రియ వర్తమానంలోనే ఉన్నా, పదేళ్ళ వెనకటి నుంచి సాగుతున్నందువల్ల ఆంగ్లంలో 'హావ్ బీన్ లివింగ్' అనాలి.

క్రియ లేని వాక్యం మరింత జాగ్రత్తగా చూడవలసింది. 'మా తాతగారు రైతు' అన్నప్పుడు ఆయన ఉన్నారో, కాలం చేశారో తెలుగు వాక్యం బయటపెట్టదు. ఆంగ్లంలో 'ఈజ్' అనో 'వాజ్' అనో తేల్చకుండా వాక్యం పూర్తికాదు. బడి వ్యాకరణాలు పన్నెండు కాలాలుగా లెక్కపెట్టే రూపాల పట్టికను వల్లె వేయించడం కన్నా ఇలాంటి వాక్యాలతో పాఠం మొదలుపెట్టడమే మేలు. పట్టిక రూపాలను నేర్పుతుంది, ఎంచుకోవడం నేర్పదు.

పెనుగొండ గురించి రాసేటప్పుడు

ఊరి చరిత్రను ఆంగ్లంలో రాయబోతే ప్రతి వాక్యంలోనూ ఈ ఎంపిక ఎదురవుతుంది. వాసవీ కన్యకా పరమేశ్వరి ఆలయం ఇప్పుడూ ఉంది కాబట్టి దానికి వర్తమానం. పెనుగొండ శాసనసభ నియోజకవర్గం 2008 నాటి పునర్విభజనతో రద్దయింది, దానికి భూతకాలం. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. దాని కేంద్రం ఏలూరుగా ఉండేది, 2022 ఏప్రిల్ 4 నుంచి భీమవరం. ఏలూరు విషయంలో 'వాజ్', భీమవరం విషయంలో 'ఈజ్' రావాలి. పాత పుస్తకం చూసి రాసేవారు ఇక్కడే తరచు తప్పటడుగు వేస్తారు.

ఆ ఆలయ దేవత వాసవి గాథకు రెండు పద్ధతులూ చెల్లుతాయి. పూర్వం జరిగిన కథగా చెబితే భూతకాలం. ఒక కావ్యంలోనో నాటకంలోనో ఏముందో వివరిస్తుంటే, విష్ణువర్ధనుడనే రాజు ఆమెను కోరడం, ఆమె అగ్నిప్రవేశం చేయడం అన్నీ వర్తమానంలో నడుస్తాయి. చదివిన ప్రతిసారీ ఆ కథ మళ్ళీ జరుగుతుందన్న భావన ఆంగ్ల సాహిత్య విమర్శలో ఉంది. రచయిత పుట్టుక, రచనాకాలం వంటివి మాత్రం భూతకాలంలోనే ఉంచుతారు. హరికథ చెప్పే దాసుగారు 'అంతట రాజు వస్తాడు' అనడం ఈ పద్ధతికి దగ్గరిది కనుక తెలుగు విద్యార్థికి ఇది పరాయిగా తోచదు.

శాస్త్ర రచనలో తీరు వేరు. పెనుగొండకు చేరువలోని మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ, అంటే ఎంటీయూ 7029 రకం, 1982లో విడుదలైంది. విడుదల ఒక్కసారి జరిగిన పని కాబట్టి 'వాజ్ రిలీజ్డ్'. ఆ రకం లక్షణాలు ఇప్పటికీ నిజం కాబట్టి గింజ తీరుకూ పంటకాలానికీ వర్తమానం. ప్రయోగం చేసిన విధానం భూతకాలంలో, దానివల్ల తేలిన సాధారణ సత్యం వర్తమానంలో రాయడం ఆనవాయితీ.

ఇతరుల మాట, వార్తా శీర్షిక

'వస్తానన్నాడు' అనేటప్పుడు 'అన్నాడు'కు ముందున్న మాట, మొదట పలికిన కాలంలోనే నిలుస్తుంది. ఆంగ్లంలో చెప్పడాన్ని తెలిపే క్రియ భూతకాలమైతే లోపలి 'విల్' సాధారణంగా 'వుడ్' అవుతుంది. ఆ మాట ఇప్పటికీ నిజమైతే వర్తమానాన్ని ఉంచినా తప్పులేదు. 'నిన్న వెళ్ళాను' అన్నదానికి 'హాడ్ గాన్' వాడటం భారతీయ ఆంగ్లంలో విరివిగా వినిపిస్తుంది. ఒక గత ఘటనకు ముందు జరిగిన మరో ఘటనను చెప్పేటప్పుడే ఆ రూపం అవసరం. ఆంగ్ల పత్రికలు జరిగిపోయిన సంగతికీ శీర్షికలో వర్తమానం వాడి, కింది వార్తలో భూతకాలానికి మారతాయి. తెలుగు పత్రికలు శీర్షికలో చాలాసార్లు క్రియనే వదిలేస్తాయి.