డర్బన్: ఎవరు ఎక్కడ ఉండాలో చట్టమే చెప్పిన నగరం

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరానికి దక్షిణంగా ఉండే చాట్స్‌వర్త్‌లో నాయుడు, రెడ్డి ఇంటిపేర్లు వీధివీధికీ వినిపిస్తాయి. నాయుడు ఇప్పుడు కాగితాల మీద ‘నైడూ’ అయింది. ఈ కుటుంబాల్లో చాలావరకు అక్కడికి ఇష్టపడి వెళ్ళినవి కావు. 1960వ దశకంలో ప్రభుత్వం వారి పాత పేటలను తెల్లవారికి కేటాయించి, వారిని ఇక్కడికి తరలించింది. దీన్ని 1948లో నేషనల్ పార్టీ తెచ్చిన వర్ణవివక్ష పాలన ఖాతాలో వేయడం మామూలే. డర్బన్ విషయంలో అది సగం నిజం. ఆ పార్టీ అధికారంలోకి వచ్చేనాటికే కావాల్సిన సరంజామాలో చాలా భాగం నగర పాలక సంస్థ దగ్గర సిద్ధంగా ఉంది.

చెరకు తోటల నుంచి నగరం అంచుకు

1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు నాటాల్‌కు వెళ్ళారు. మూడింట రెండు వంతుల మంది ఎక్కింది మద్రాసు రేవులోనే. విశాఖపట్నం జిల్లా నుంచి, చిత్తూరు ప్రాంతం కలిసి ఉన్న నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వెళ్ళిన తెలుగువారు వీరిలో ఎందరో ఉన్నారు. ఒప్పందం ముగిశాక కొందరు నగరం అంచున ఉన్న కేటో మేనర్, క్లేర్‌వుడ్ లాంటి చోట్ల భూమి కౌలుకు తీసుకుని, కూడబెట్టాక కొనుక్కుని కూరగాయలు పండించారు. ఇంకొందరు నగర పాలక సంస్థలో పారిశుధ్యం, రోడ్ల పనుల్లో చేరి ‘మ్యాగజీన్ బారక్స్’ అనే కూలీల లైన్లలో బతికారు. అక్కడ తమిళం, తెలుగు పక్కపక్కనే వినిపించేవి. కేటో మేనర్ లాంటి పేటల్లో గుడులు, బడులు వాళ్ళ సొంత డబ్బుతోనే లేచాయి. 1931లో ఆంధ్ర మహాసభ ఏర్పడింది.

ఇంత చేసినా ఊరి పాలనలో వారికి నోరు లేదు. 1896లో పార్లమెంటు ఓటుకూ, 1924లో మునిసిపల్ ఓటుకూ దారి మూసేశారు. ఆ తర్వాత జరిగిన ప్రతి నిర్ణయాన్నీ ఈ సంగతి గుర్తుపెట్టుకునే చదవాలి.

పత్రంలో ఒక షరతు

1922లో వచ్చిన ఆర్డినెన్సు చూడటానికి చాలా మామూలుది. మునిసిపల్ భూమిని అమ్మేటప్పుడు, లీజుకు ఇచ్చేటప్పుడు ‘ఫలానా జాతివారికే’ అన్న షరతు పెట్టే అధికారాన్ని అది డర్బన్ నగర పాలక సంస్థకు ఇచ్చింది. ఎవరినీ ఖాళీ చేయమనలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. కానీ నగరంలో కొత్తగా చేతులు మారే మంచి భూమికి భారతీయులు దూరమయ్యారు.

అమెరికాలో ఇదే కథ మరో వరుసలో నడిచింది. 1910లో బాల్టిమోర్ నగరం ఏ వీధిలో నల్లవారు ఉండాలో, ఏ వీధిలో తెల్లవారు ఉండాలో చెబుతూ చట్టం చేసింది. లూయీవిల్ నగరం చేసిన అలాంటి చట్టాన్ని 1917లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. దాంతో తెల్లవారు వ్యక్తిగత విక్రయ పత్రాల్లో షరతులు రాసుకోవడం బాగా పెరిగింది. వాటిని కోర్టులు అమలు చేయరాదని 1948 మే 3న అదే కోర్టు తీర్పునిచ్చింది. సరిగ్గా అదే నెల 26న దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ ఎన్నికల్లో గెలిచింది. అమెరికాలో అడ్డుపడటానికి ఒక రాజ్యాంగం, ఒక కోర్టు ఉన్నాయి. డర్బన్ భారతీయుడికి ఆ రెండూ లేవు.

‘చొరబాటు’ అనే మాట

1930వ దశకం చివరికి తెల్లవారి నోట ‘చొరబాటు’ అన్న మాట నానసాగింది. భారతీయ వ్యాపారులు తెల్లవారి వీధుల్లో ఇళ్ళు కొంటున్నారన్నది ఫిర్యాదు. డబ్బు పెట్టి, రిజిస్టర్ చేయించుకుని కొన్నదానికి పెట్టిన పేరది. విచారణకు వేసిన బ్రూమ్ కమిషన్, భయపడినంత స్థాయిలో ఏమీ లేదని 1941లో చెప్పింది. ఫిర్యాదులు ఆగలేదు. 1943లో రెండో విచారణ జరిపించగా కొనుగోళ్ళు వేగం పుంజుకున్నాయని తేలింది. వెంటనే ‘పెగ్గింగ్ చట్టం’ వచ్చింది. డర్బన్‌లో తెల్లవారికీ ఆసియావారికీ మధ్య అనుమతి లేకుండా ఇళ్ళు, స్థలాలు చేతులు మారకూడదని మూడేళ్ళపాటు నిషేధించింది.

గడువు తీరగానే 1946లో స్మట్స్ ప్రభుత్వం ఆ నిషేధాన్ని శాశ్వతం చేసింది. దాన్ని భారతీయులు ‘ఘెట్టో చట్టం’ అన్నారు. బదులుగా తెల్ల సభ్యుల ద్వారా పార్లమెంటులో ప్రాతినిధ్యం ఇస్తామంటే తిరస్కరించారు. జూన్ 13న గేల్ స్ట్రీట్, అంబిలో రోడ్డు కలిసే చోట ఖాళీ స్థలంలో గుడారాలు వేసి సత్యాగ్రహం మొదలుపెట్టారు. దాదాపు రెండు వేల మంది జైలుకు వెళ్ళారు. భారత్ స్వాతంత్ర్యం రాకముందే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకుంది, సమస్యను ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళింది. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలో వాదన సాగి, డిసెంబర్ 8న తీర్మానం నెగ్గింది. డర్బన్ వీధుల్లో మాత్రం ఏమీ మారలేదు.

గీతలు గీసిన ప్లాను

1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం దీన్నంతటినీ దేశవ్యాప్తం చేసింది. ఆస్తి కొనడమే కాదు, వేరే జాతికి కేటాయించిన చోట నివసించడం కూడా నేరమైంది. చట్టం కేంద్రానిదే అయినా, డర్బన్‌కు ప్లాను గీసింది నగర పాలక సంస్థ నియమించిన సాంకేతిక ఉపసంఘం. నదులు, కొండవరుసలు, రైలు పట్టాలు జాతుల మధ్య సరిహద్దులుగా ఉండాలని, ఒక జాతివారు పనికి వెళ్ళేటప్పుడు మరో జాతి పేట గుండా పోకూడదని ఆ ప్లాను సూత్రం. ఇంజినీర్ల పనిలా ఉంటుంది చదివితే.

1958లో కేటో మేనర్‌ను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి గుడిసెల్లోని ఆఫ్రికన్లను క్వామాషు, ఉమ్లాజీలకు తరలించారు. భారతీయ యజమానుల ఆస్తికి ప్రభుత్వమే ‘మూల విలువ’ కట్టింది. అంతకన్నా ఎక్కువకు అమ్ముకోగలిగితే అదనపు సొమ్ములో పెద్ద వాటా ప్రభుత్వ బోర్డుకు పోయేది. చాట్స్‌వర్త్ కోసం తీసుకున్నదీ భారతీయ రైతుల అరటి తోటలనే. తెల్లవారి పేటలకూ ఆఫ్రికన్ల ఉమ్లాజీకీ నడుమ అడ్డుగోడలా ఆ కాలనీ లేచింది. 1949 జనవరిలో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య జరిగిన అల్లర్లలో 142 మంది చనిపోయిన ఊరది. ఆ రెండు వర్గాలనే పక్కపక్కన పెట్టారు. మ్యాగజీన్ బారక్స్ కుటుంబాలూ అక్కడికే వెళ్ళాయి. నగరం నడిబొడ్డు నుంచి పనికి నడిచి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు బస్సు, రైలు ఛార్జీలు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంత చేసి ఖాళీ చేయించిన కేటో మేనర్‌లో తెల్లవారి కాలనీ అనుకున్నట్టు రానేలేదు. దశాబ్దాలపాటు ఆ కొండవాలుల్లో చాలా భాగం పొదలతో నిండిపోయింది. కొన్ని గుడులు మాత్రం ఇళ్ళు లేని చోట నిలబడి ఉండేవి.

రద్దయ్యాక

గ్రూప్ ఏరియాస్ చట్టం 1991 జూన్ 30న రద్దయింది. 1913 జూన్ 19 తర్వాత జాతి చట్టాల వల్ల భూమి కోల్పోయినవారు తిరిగి కోరవచ్చని 1994 చట్టం చెప్పింది. దరఖాస్తుకు 1998 డిసెంబర్ 31 గడువు. కేటో మేనర్ పాత యజమానులు కదిలారు. అప్పటికే అక్కడ పేద ఆఫ్రికన్లు గుడిసెలు వేసుకున్నారు, వారికి చౌక ఇళ్ళు కట్టే పథకం సిద్ధమైంది. భూమిని యథాతథంగా తిరిగి ఇవ్వాల్సిన అవసరం లేకుండా ఆదేశించాలని కొత్త ప్రజాస్వామ్య నగర పాలక సంస్థే భూ హక్కుల కోర్టుకు వెళ్ళింది. చివరకు ఎక్కువ మందికి దక్కింది భూమి కాదు, పరిహారం. ఒకరికి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దాలంటే మరో నిరుపేదను లేపాల్సి వచ్చే పరిస్థితి పాత చట్టాలు సృష్టించినదే.

గడువులోగా దరఖాస్తు చేయలేకపోయినవారి కోసం 2014లో మళ్ళీ తలుపు తెరిచారు. సవరణ చేసేముందు ప్రజల అభిప్రాయం సరిగా తీసుకోలేదంటూ 2016లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. చాట్స్‌వర్త్ జనాభాలో ఇప్పటికీ భారతీయ సంతతివారే ఎక్కువ.