ఫ్రోజెన్ డెజర్ట్

ఫ్రోజెన్ డెజర్ట్ అనగా పాలకొవ్వుకు బదులుగా, పూర్తిగా గానీ కొంతమేరకు గానీ, వంటనూనెలు వాడి గడ్డకట్టించిన తీపి పదార్థం. రూపంలోనూ, రుచిలోనూ పోలిక ఉండుట వలన దీనిని ఐస్‌క్రీముగా పొరబడటం సర్వసాధారణం.

భారతదేశ ఆహార ప్రమాణాల ప్రకారం ఐస్‌క్రీములో కనీసం 10 శాతం పాలకొవ్వు, 3.5 శాతం మాంసకృత్తులు ఉండాలి. ఫ్రోజెన్ డెజర్టులో కూడా కొవ్వు, మాంసకృత్తుల కనీస పరిమితులు ఇవే. కనుక కేలరీలలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా కొవ్వు స్వభావంలోనే. పాలకొవ్వులో కొలెస్టరాల్, ఎ విటమిను ఉంటాయి. నూనెలలో కొలెస్టరాల్ ఉండదు. అంతమాత్రాన అది గుండెకు మేలని భావించరాదు. సంతృప్త కొవ్వు పామాయిలులో దాదాపు సగం, కొబ్బరినూనెలో సుమారు 90 శాతం ఉంటుంది. కొబ్బరినూనెలో ఇది పాలకొవ్వులో కంటే ఎక్కువ.

ఫ్రోజెన్ డెజర్టులలో తరచుగా వెన్న తీసిన పాలపొడి కలుపుతారు. కాబట్టి పాలు పడనివారు నూనెతో చేసినదే కదా అని తినరాదు. పండ్లరసంతో చేసే సార్బెట్‌లో కొవ్వు దాదాపు ఉండదు గానీ చక్కెర తక్కువేమీ కాదు.

100 మిల్లీలీటర్ల కప్పు 100 గ్రాములు తూగదు. గాలి కలిపి గిలకొట్టడం వలన లీటరు ఐస్‌క్రీము బరువు 525 గ్రాముల వరకు తగ్గవచ్చు. అంతకు తగ్గితే నిబంధనలకు విరుద్ధం. గాలి కలపకుండా పాలను మరిగించి చేసే కుల్ఫీ అదే పరిమాణంలో ఎక్కువ బరువు, ఎక్కువ కేలరీలు కలిగి ఉంటుంది.